బాణాల మేడమ్ గీయని బొమ్మలు

మా నీటి సరఫరా ఆఫీసులో ఆవిడను అసలు పేరుతో పిలిచేది హాజరు పట్టీ రాసే గుమాస్తా ఒక్కడే. మిగతా అందరికీ ఆవిడ బాణాల మేడమ్. ఇరవై నాలుగేళ్ళ క్రితం ట్రేసరుగా చేరింది. అంటే ఇంజనీర్లు గీసిన పటాల మీద పల్చటి కాగితం పరిచి, ఒక్క గీత కూడా పక్కకు పోకుండా నకలు తీయడం ఆవిడ పని. కంప్యూటర్లు వచ్చాక ఆ పని పోయింది. మనిషిని మాత్రం పంపలేదు. మీటింగుల్లో తెర మీద చూపించే స్లైడ్లు తయారుచేయమని ఒక మూల బల్ల ఇచ్చి కూర్చోబెట్టారు. ఆ బల్లకు ఎదురుగా ఉన్నది నా ఉత్తరాల సెక్షను. అందుకే ఇదంతా నాకు తెలుసు.

ఇంజనీర్లు నాలుగు పేజీల నివేదిక ఆవిడ ముందు పడేసి వెళ్ళేవారు. ఆవిడ దాన్ని రెండు సార్లు చదివి, చెరువు ఒక పెట్టె, ఫిల్టరు ఒక పెట్టె, ట్యాంకు ఒక పెట్టె గీసి, వాటి మధ్య బాణాలు కలిపేది. బాణాలన్నీ ఒకే మందం, ఒకే మొన. ఒక్కటి వెంట్రుకవాసి వంకరపోయినా చెరిపి మళ్ళీ గీసేది. ఒక స్లైడుకు పూటంతా పట్టేది. తొందరేమీ లేని ఆఫీసు కాబట్టి సరిపోయింది.

ఒక సోమవారం ఉదయం మా పెద్ద ఇంజనీరు గారు అందరినీ తన గదిలోకి పిలిచారు. పై ఆఫీసు నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిందట. ఆయన కిందటి నెల నివేదిక మొత్తం అందులో అతికించి ఒక మీట నొక్కారు. మేము కుర్చీలు సర్దుకుని కూర్చునేలోపు ఆరు స్లైడ్లు తయారైపోయాయి. వృత్తాలు, మెట్లు, నీటి చుక్క బొమ్మలు, చిన్న చిన్న కుళాయిలు, రంగు రంగుల బాణాలు. వాక్యంలో "తరువాత" అని ఉన్నచోటల్లా బాణం దానంతటదే వచ్చి కూర్చుంది.

"మేడమ్, ఇక మీ బాణాలు అటక మీద పెట్టెయ్యొచ్చు," అన్నాడు స్టోరు గుమాస్తా. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. కానీ ఆ మధ్యాహ్నం తెచ్చుకున్న టీ సగం తాగి కప్పు పక్కన పెట్టేయడం నేను చూశాను.

ఆవిడ భర్త సిటీ బస్సు డ్రైవరు. ఆ సాయంత్రం ఇంట్లో సంగతి చెప్పుకుంటే ఆయన చెప్పులు విప్పుతూ, "మా బస్సులకి పవర్ స్టీరింగ్ పెట్టినప్పుడు నేనూ ఇలాగే అనుకున్నా. ఇక మనమెందుకు, చిన్న పిల్లాడైనా తిప్పేస్తాడు అని. చివరికి ఏమైంది? భుజం నొప్పి పోయింది, అంతే," అన్నాడట.

"మీది బస్సు. అది మీరు లేకపోతే కదలదు. నాది నేను లేకపోయినా కదులుతోంది," అంది ఆవిడ.

"కదలడం కాదు, ఎటు పోతోందో చూడు ముందు," అని ఆయన స్నానానికి వెళ్ళిపోయాడు. మర్నాడు ఈ మాట నాకు చెబుతూ, "ఆయనకి ప్రపంచమంతా రోడ్డే," అని విసుక్కుంది.

ఆ వారంలోనే నెలవారీ సమీక్ష వచ్చింది. పెద్ద ఇంజనీరు గారు ఉత్సాహం కొద్దీ నివేదిక తనే అతికించి, స్లైడ్లు తనే తీసుకుని పై ఆఫీసుకు వెళ్ళారు. మధ్యాహ్నానికి ముఖం మాడ్చుకుని తిరిగొచ్చారు. సంగతేమిటంటే, మేము రోజూ శుద్ధి చేసిన నీటిని ఫిల్టర్లలోకి కింది నుంచి పైకి వదిలి, వాటిలో పేరుకున్న మట్టిని కడుగుతాం. ఆ మురికి నీరు కాలువలోకి పోతుంది. తెర మీద బొమ్మలో మాత్రం ఆ మురికి నీటి బాణం నేరుగా ఒక ఇళ్ళ వరుసలోకి, కుళాయిల్లోకి వెళ్ళింది. సమీక్ష నడిపే అధికారి కళ్ళద్దాలు సర్దుకుని, "ఫిల్టర్లు కడిగిన నీళ్ళు జనానికి ఇస్తున్నామా?" అని అడిగాడట.

"పరువు తీసింది ఈ దిక్కుమాలిన సాఫ్ట్‌వేర్," అన్నారు పెద్ద ఇంజనీరు గారు, కాగితాలు ఆవిడ బల్ల మీద పడేస్తూ.

ఆవిడ బొమ్మ చూసింది. నివేదిక తీసి చదివింది. కొంచెం మొహమాటపడి, "సార్, దాని తప్పేమీ లేదండి. మీరు 'తరువాత ఆ నీరు బయటికి వెళ్తుంది' అని రాశారు. ఏ నీరో, ఏ బయటికో రాయలేదు. అది దానికి తోచిన బయటికి పంపింది," అంది.

ఆవిడ అక్కడే కూర్చుని, "ఫిల్టర్లు కడిగిన మురికి నీరు వెనక గోడ పక్కనున్న కాలువలోకి పోతుంది" అని మార్చి మీట నొక్కింది. బాణం ఇళ్ళను వదిలేసి కాలువలోకి దిగింది.

ఆ రోజు నుంచి ఏ నివేదికైనా ముందు ఆవిడ చేతి మీదుగా వెళ్ళాల్సిందేనని ఆయన చెప్పేశారు. ఇరవై నాలుగేళ్ళుగా వాళ్ళ రాతలు చదివీ చదివీ, ఎక్కడ ఏం మింగేస్తారో ఆవిడకు కొట్టినపిండి. పెట్టెలు గీయడానికి పట్టే పూట ఇప్పుడు వాక్యాలు విప్పడానికి పట్టేది. కళ్ళు లాగడం తగ్గింది. టీ పూర్తిగా తాగడం మొదలుపెట్టింది.

కింద పంపుహౌసులో వాల్వులు తిప్పే పెద్దాయన ఒకడుండేవాడు. ఆవిడ ఆయన్ని బాబాయ్ అనేది. రెండు నెలల్లో రిటైరవుతాడు. ఊరికి వెళ్ళే పెద్ద పైపు ఎక్కడైనా పగిలితే, ఏ వాల్వు ముందు మూయాలి, ఏది తర్వాత, ఎంతెంత అన్నది ఆయనకు తప్ప ఇంకెవరికీ పూర్తిగా తెలియదు. రాసిపెట్టమని పెద్ద ఇంజనీరు గారు మూడుసార్లు నోటుపుస్తకం ఇచ్చారు. మూడూ తెల్లగానే ఉన్నాయి. బాబాయ్ చదువు మూడో తరగతితో ఆగిపోయింది. ఆ మాట పైకి చెప్పడం ఆయనకిష్టం లేదు.

"నేను అడిగి చూస్తాను సార్," అని ఆవిడ లాప్‌టాప్ పట్టుకుని కిందికి దిగింది. కాసేపటికి సంతకాల కాగితాలతో నేనూ దిగాను. రెండో పంపు నడుస్తుంటే అక్కడి నేలా, పైన మా గది నేలా సన్నగా అదురుతూ ఉంటాయి. ఆవిడ ఒక చెక్కపెట్టె బోర్లించుకుని దాని మీద కూర్చుని ఉంది.

"రాసేదేముందమ్మా," అంటున్నాడు ఆయన, నూనెగుడ్డతో చక్రం తుడుస్తూ. "చేతికి తెలుసు. అది తిప్పుతుంది, అంతే."

"మీరు రాయొద్దు బాబాయ్. మీ చేతికి ఏం తెలుసో నాకు చెప్పండి. నేను టైపు కొట్టుకుంటాను."

ఆయన చెప్పాడు. మొదటిరోజు చెప్పింది మొత్తం ఏడు వాక్యాలు. ఆవిడ మీట నొక్కితే ఏడు మెట్లు చక్కగా వచ్చాయి. ఆయన కళ్ళు చిట్లించి చూసి, నాలుగో మెట్టు మీద వేలు పెట్టాడు.

"ఇక్కడ గడియారం ఎందుకమ్మా?"

"మీరు కొంచెం ఆగాలి అన్నారుగా బాబాయ్."

"గడియారం చూసి ఆగరు. పైపు వణుకు తగ్గేదాకా ఆగాలి. రా, చెయ్యి పెట్టు."

ఆవిడ లేచి పైపు మీద అరచెయ్యి పెట్టింది. ఇన్నేళ్ళలో ఆ పైపు బొమ్మ ఎన్నిసార్లు గీసిందో లెక్కలేదు, ముట్టుకోవడం అదే మొదటిసారి అని తర్వాత నాతో అంది. చల్లగా, లోపల ఏదో పరిగెడుతున్నట్టు ఉందట. తిరిగొచ్చి, "పైపు మీద చెయ్యి పెట్టండి. వణుకు తగ్గాకే తరువాతి వాల్వు" అని కొట్టింది. గడియారం పోయి చెయ్యి బొమ్మ వచ్చింది.

"ఇది నయం," అన్నాడు ఆయన. మళ్ళీ తెర మీదికి వంగి, "కానీ అన్ని మెట్లూ ఒకే సైజులో ఉన్నాయేంటి? ఈ పెద్ద చక్రం ఉందే, ఇది ఒక్కసారిగా మూస్తే నీళ్ళు వెనక్కి తంతాయి. ఇంకోచోట పైపు పగులుతుంది. ముందు ఇరవై చుట్లే. తర్వాత ఆగాలి. ఇది తప్పితే అన్నీ తప్పినట్టే. మిగతావి అటూ ఇటూ అయినా పర్లేదు."

ఆవిడ "ఇది అన్నిటికన్నా ముఖ్యం" అని చేర్చింది. సాఫ్ట్‌వేర్ ఆ మెట్టు పక్కన ఒక బంగారు నక్షత్రం పెట్టింది.

"నాకేమైనా బహుమతి ఇస్తున్నారా?" అన్నాడు ఆయన.

ఇద్దరూ నవ్వుకున్నారు. ఎన్ని రకాలుగా రాసి చూసినా నక్షత్రం పోయి దీపం, దీపం పోయి జెండా వచ్చాయే తప్ప ఆయన అడిగింది రాలేదు. చివరికి ఆ ఒక్క మెట్టునూ ఆవిడే చేత్తో గీసింది. మిగతావాటికి మూడింతలు పెద్దది, ఎర్ర అంచుతో.

అలా మూడు వారాలు, మధ్యాహ్నాలు కిందే గడిపింది. ఆయన మర్చిపోయినవి ఆవిడ అడిగి లాగింది. "అంతకుముందు ఏం చేస్తారు బాబాయ్?", "ఎడమచేత్తోనా కుడిచేత్తోనా?", "తిరగకపోతే?" ఒకరోజు ఆయన విసిగి, "నువ్వు పోలీసుల్లో చేరాల్సిందమ్మా," అన్నాడు. ఏడు మెట్లు నలభై ఒకటయ్యాయి. వాటిని నాలుగు పెద్ద కాగితాల మీద ముద్రించి, ప్లాస్టిక్ తొడిగించి, పంపుహౌసు గోడకు బిగించారు.

ఆ సాయంత్రం ఆయన చేతులు వెనక్కి కట్టుకుని, ఒక్కో కాగితం ముందూ చాలాసేపు నిలబడ్డాడు. బొమ్మల పక్కనున్న అక్షరాలు పెదాలు కదుపుతూ కూడబలుక్కుని చదివాడు. అవన్నీ తన మాటలే కాబట్టి ఎక్కడా పెద్దగా తడబడలేదు.

"ఇవన్నీ నాకు తెలుసా?" అన్నాడు.

"మీరు చెప్పినవే బాబాయ్. నేను ఒక్కటి కూడా కలపలేదు."

"నేను ఇన్నేళ్ళూ ఒకటే పని చేస్తున్నాననుకున్నా. చక్రం తిప్పడం," అన్నాడు. తర్వాత నూనెగుడ్డ తీసుకుని, ప్లాస్టిక్ మీద లేని దుమ్ము తుడిచాడు. ఆవిడ పైకి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. క్లోరిన్ గది తలుపు తీసి ఉందంది.

ఆయన రిటైరైన నెల తిరక్కుండానే, ఒక ఉదయం పదిన్నరకు, రోడ్డు తవ్వే యంత్రమొకటి పెద్ద పైపును చీల్చింది. కింద డ్యూటీలో ఇద్దరూ కొత్తవాళ్ళే. ఒకామె కాగితం ముందు నిలబడి మెట్లు ఒక్కొక్కటే పైకి చదివింది. రెండో అతను చక్రాలు తిప్పాడు. "ఇరవై చుట్లే, ఆపు," అని ఆమె అరవడం మాకు పైకి వినిపించింది. బాణాల మేడమ్ తన బల్ల దగ్గర గుడ్లప్పగించి నేలవైపే చూస్తూ కూర్చుంది. కాళ్ళ కింద అదురు మెల్లగా తగ్గి, ఆగిపోయింది. మొత్తం పద్దెనిమిది నిమిషాలు. రెండోచోట ఎక్కడా పైపు పగల్లేదు.

ఎవరు కబురు చేశారో గానీ, బాబాయ్ సైకిలు తొక్కుకుంటూ వచ్చేశాడు. అప్పటికే అంతా అయిపోయింది. కొత్తవాళ్ళిద్దరినీ నాలుగు ప్రశ్నలు అడిగాడు, చక్రాలు పట్టి చూశాడు. తర్వాత మెట్లెక్కి పైకి వచ్చి మా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"బాగానే చేశారమ్మా పిల్లలు. నేనైతే పదిహేను నిమిషాల్లో చేసేవాణ్ణి," అన్నాడు.

"కూర్చోండి బాబాయ్, టీ తెప్పిస్తాను," అంది ఆవిడ. ఆయన కూర్చుని, కొత్తగా కొన్న మిక్సీ నుంచి మనవరాలి పళ్ళ నొప్పి దాకా అరగంట కబుర్లు చెప్పి వెళ్ళాడు.

ఇదంతా పై ఆఫీసుకు చేరింది. ఇప్పుడు వారానికి రెండు రోజులు ఆవిడ మిగతా పంపుహౌసులకు వెళ్తుంది. కొన్నిసార్లు భర్త నడిపే బస్సే దొరుకుతుంది. అప్పుడు డ్రైవరు వెనక సీట్లో కూర్చుంటుంది, కానీ మాట్లాడదు. డ్యూటీలో ఉన్న డ్రైవరుతో మాట్లాడకూడదని రాసి ఉంటుంది కదా అంటుంది. పంపుహౌసులో మోటారు మెకానిక్కునో మీటర్లు చదివే మనిషినో పట్టుకుని కూర్చుని, అడిగి, రాసుకుంటుంది. సాఫ్ట్‌వేర్ బొమ్మలు వేస్తుంది. వాళ్ళు తప్పులు పట్టుకుంటారు. మళ్ళీ రాస్తుంది.

నిన్న నీళ్ళ పరీక్షల గది నుంచి మధ్యాహ్నం రెండింటికి వచ్చింది. అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. ఆ గదిలో పనిచేసే ఆవిడ, గ్లాసు మూతి దగ్గర పెట్టుకుని వాసన చూసి ఏ చెరువు నీళ్ళో చెప్పేస్తుందట.

"ఎలా చెబుతారు అని అడిగితే, ఏమో, తెలిసిపోతుంది అంటుంది," అంది బాణాల మేడమ్, డబ్బా మూత తీస్తూ. "రేపు మళ్ళీ వెళ్ళాలి."