తువ్వాలు కింది అంకెలు

ఆడుకుంటే చదువు రాదని చెప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. నేను బడి గడప తొక్కినవాణ్ణి కాదు. కూడికలు, తీసివేతలు పుంగనూరు పశువుల సంతలో దళారిగా తిరుగుతూ నేర్చుకున్నాను. అక్షరాలు టీ అంగడిలో పేపరు పట్టుకుని, పక్కన కూర్చున్నవాళ్లను విసిగించి నేర్చుకున్నాను. ఇప్పుడు లావుపాటి పుస్తకాలు కూడా చదువుతాను, నచ్చకపోతే రాసినవాణ్ణి తిడతాను. అట్లాంటి నాకు చదువు గురించి మాట్లాడే అర్హత లేదని నలుగురిలో అన్నారు. ఆ మాట ఎట్లా పోయినా పోనీ. దాని వెనక పోయిన దాని గురించే నా బాధంతా.

మా మనవరాలు కుప్పంలో అమ్మమ్మ దగ్గర పెరిగింది. మా కోడలి పుట్టిల్లు అది. ఆ వీధిలో ఒక ఇంట్లో తెలుగు, పక్కింట్లో తమిళం, ఎదురింట్లో కన్నడం. ఏది ఏ భాషో పిల్లకు తెలియదు, నోటికి ఏది ముందొస్తే అది మాట్లాడేది. ఒకటో తరగతి వయసు రాగానే నా కొడుకు పుంగనూరికి తెచ్చి మా వీధి చివరి సర్కారు బడిలో చేర్చాడు. వాడు మదనపల్లె టమాటా మండీలో గుమాస్తా. పొద్దున బస్సెక్కితే దీపాలు పెట్టే వేళకే ఇంటికి రావడం. అందుకని పిల్లను బడికి దించి రావడం, మళ్లీ తెచ్చుకోవడం నా పని అయింది.

మొదటి వారంలోనే పిల్ల నోరు మూతపడింది. టీచరమ్మ చింతగింజలు ఎంచమంటే "ఒణ్ణు, రెండు, మూణు, నాలు, అంజు" అని తమిళంలో ఎంచిందట. తరగతి గొల్లుమంది. సాయంత్రం నా కళ్లముందే ఒక బుడతడు వెంటపడ్డాడు. "ఓయ్ అరవపిల్లా, ఇంగోసారి సెప్పు! ఇంగొక్కసారి!" నేను కర్ర ఎత్తితే పారిపోయాడు గాని, వాడి మాట పారిపోలేదు. మర్నాటి నుంచి బడి గేటు దాకా వసపిట్టలా వాగే పిల్ల, గేటు దాటగానే నేల చూపులు చూసేది. పేరడిగినా పలకదు.

టీచరమ్మ చిన్న వయసుది, కురబలకోట నుంచి బస్సులో వచ్చేది. ఒకటో తరగతి పిల్లలకు మొదటి నెలలు పుస్తకాలు పక్కనపెట్టి ఆటలతోనే గడపమని పైనుంచి చెప్పారట. పైవాళ్ల నోట మంచిమాట రావడం అరుదు గాబట్టి చెబుతున్నాను, ఇది మంచిమాటే. ఆమె నేలమీద గళ్లు గీసి గెంతించేది, గింజలు కుప్పలు పెట్టించేది.

"అన్ని ఆటలూ ఆడతాది పెద్దాయనా, నోరు మాత్రం తెరవదు. ఇంట్లో మాట్లాడతాదా?" అని ఒకరోజు అడిగింది.

"ఇంట్లో మూయమంటే మూయదమ్మా," అన్నాను.

అప్పుడు నాకు సంత గుర్తొచ్చింది. మా సంతకు కోలారు దిక్కు నుంచి ఒకడు, క్రిష్ణగిరి దిక్కు నుంచి ఒకడు వచ్చేవాళ్లు. ఒకరి మాట ఒకరికి సరిగా రాదు. చుట్టూ నలుగురు చెవులు రిక్కించి ఉంటారు. అందుకే బేరం నోటితో చేయం. ఇద్దరం చేతులు కలిపి పైన తువ్వాలు కప్పుతాం. లోపల ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, పిడికిలంతా పట్టుకుంటే అయిదు. ఎవరికీ వినబడదు, ఎవరూ నవ్వరు. ఈ సంగతి చెబితే టీచరమ్మ కళ్లు మెరిశాయి. "రేపు మీరే వచ్చి ఆడించండి పెద్దాయనా" అంది.

మర్నాడు తువ్వాలు భుజాన వేసుకుని పోయి పిల్లల మధ్య నేలమీద కూర్చున్నాను. నేను లోపల ఎన్ని వేళ్లు పడితే అన్ని గింజలు బయట పెట్టాలి. అదీ ఆట.

"టీచర్, తాత గిల్లినాడు!"

"గిల్లలేదురా, రెండు అన్నా."

"రెండంటే అంత గట్టిగా అంటారా?"

నవ్వులు. మా పిల్ల వంతు వచ్చింది. చెయ్యి లోపల పెట్టింది. పిడికిలి పట్టి వదిలి, మళ్లీ రెండు వేళ్లు పట్టాను. ఒక్క క్షణం కూడా ఆగకుండా ఏడు గింజలు వరసగా పెట్టేసింది. తర్వాత పిల్లలే జతలు కట్టారు. వెంటపడి వెక్కిరించిన ఆ బుడతడే వచ్చి మా పిల్ల ముందు కూర్చున్నాడు. తువ్వాలు కింద ఏదో జరిగింది. వాడు ఆరు గింజలు పెట్టి గెలిచినట్టు చేతులెత్తాడు.

"ఏడు!" అని అరిచింది మా పిల్ల. "ఏడు సెప్పినా నేను! ఆరు పెట్టినావు నువ్వు!"

"ఆరే పట్నావు!"

"ఏడు! ఇంగోసారి పెట్టు సెయ్యి!"

టీచరమ్మ నావైపు ఒకసారి చూసి ఇంకో జత దగ్గరికి పోయింది. మెచ్చుకుంటే మళ్లీ ముడుచుకుంటుందని ఆమెకు తెలుసు. ఆ రోజు నుంచి పిల్ల బడిలో మాట్లాడింది. మూణు అన్నా, మూడు అన్నా ఎవరూ పట్టించుకోలేదు. పోట్లాటలో ఉన్నవాళ్లకు భాషతో పనేముంది?

కొన్ని వారాలు అట్లా గడిచాయి. తర్వాత తల్లిదండ్రుల మీటింగు వచ్చింది.

"మావోడు అన్నం తినమంటే తుండుగుడ్డ కప్పి సెయ్యి పట్టుకుంటాండాడు. ఎన్ని ముద్దలో యాళ్లతో సెప్పాలంట," అంది ఒకామె. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. జెరాక్స్ అంగడి పెట్టుకున్న ఒకాయన మాత్రం లేచి నిలబడ్డాడు.

"ఇది బడా, సంతా? పలకా బలపం లేకుండా ఎద్దుల బ్యారం నేర్పిస్తాండారు. యాల పంపించాల మేము?"

"లెక్కలప్పా అవి," అన్నాను. "ఎంచడం నేర్చుకుంటాండారు."

"సదువు రానోడివి, సదువు సంగతి నీకేల పెద్దాయనా? నీ మనవరాలిని దళారిని సేసుకో. మా బిడ్డల్నొద్దు."

టీచరమ్మ ఏదో చెప్పబోయింది. హెడ్మాస్టరు చెయ్యెత్తి ఆపాడు. ఆ ఆట అంతటితో ఆగిపోయింది. నేను ఆయనతోనూ, జెరాక్స్ ఆయనతోనూ ఎంతసేపు అరిచానో నాకే తెలియదు. మర్నాటికి గొంతు రాలేదు.

వాళ్లతో అరవగలిగాను గాని, నా కొడుకుతో అరవలేకపోయాను. వాడు నెమ్మదిగానే అన్నాడు.

"నాయనా, నువ్వు సంతలో తిరిగితే నన్ను ఇస్కూల్లో పేరు పెట్టి పిల్సినోడు లేడు. దళారి కొడకా అనే పిల్సినారు. నా బిడ్డకు అది వద్దు."

"ఆ బిడ్డకు మాట వచ్చింది గదరా."

"మాట వస్తాది నాయనా, యాడికి పోతాది. ముందు సదువు రానీ."

దసరా సెలవులు కాగానే మదనపల్లెలో ఇంగ్లీషు బడికి మార్చాడు. పిల్ల మెడకు టై, వీపున తనకంటే బరువైన సంచి. తండ్రితోపాటే పొద్దున బస్సు. నాకు దించడం లేదు, తేవడం లేదు. ఆ వేళకు కాళ్లు వాటంతటవే వీధి చివరి దాకా పోతాయి. కిటికీలోంచి పిల్లల గొంతులు వినబడతాయి, ఎక్కాలు అప్పజెబుతూ. టీచరమ్మ కనిపిస్తే "బాగుండాదా పాప?" అని అడుగుతుంది. బాగుండాదమ్మా అంటాను. ఇంకేం అనను?

మొన్న ఆ మదనపల్లె బడి మీటింగుకు నేనూ పోయాను. బల్లలు వరసగా ఉన్నాయి. పిల్లలు చేతులు కట్టుకుని ఉన్నారు. చీమ చిటుక్కుమంటే వినబడేంత నిశ్శబ్దం. మా పిల్ల మూడో వరసలో ఉంది. నన్ను చూసి కళ్లతో మాత్రం నవ్వింది.

"వెరీ సైలెంట్ గర్ల్ అండీ," అంది అక్కడి మేడం. "ఇంతవరకు ఒక్క కంప్లయింట్ లేదు."

నా కొడుకు ముఖం వెలిగిపోయింది. ఏనాడూ ఎవరూ వాణ్ణి అట్లా మెచ్చుకోలేదు పాపం. వాడి సంతోషం చూసి కోపం కూడా తెచ్చుకోలేకపోయాను.

తిరుగు బస్సులో పిల్ల నా ఒళ్లో కూర్చుని చెయ్యి చాపింది. మణికట్టు మీద ఎర్ర ఇంకుతో ఒక చుక్క గీసి ఉంది.

"తాతా, సూడు. స్టారు."

"దేనికిచ్చినారమ్మా?"

"ఈ పొద్దంతా మాట్లాడలే."

నా కొడుకు ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "సూసినావా నాయనా?" అన్నాడు. పుంగనూరు వచ్చేదాకా ఆ పిల్ల, చుక్క ఎక్కడ చెరిగిపోతుందోనని, చెయ్యి దేనికీ తగలకుండా గాలిలో ఎత్తి పట్టుకుని కూర్చుంది.