పొగగొట్టం వెనక స్తంభం

బిర్కత్ అల్ అవామిర్‌లో ఇనుప పనులు చేసే ఒక కంపెనీ యార్డులో బుచ్చన్న పైపు ఫిట్టరు. జగిత్యాల జిల్లా మనిషి. వయసు నలభై తొమ్మిది. ఖతర్ వచ్చి పద్నాలుగేళ్లయింది. ఇన్నేళ్లలో ట్యాంకులు కట్టాడు, మెట్లు కట్టాడు, పెద్ద పెద్ద భవనాల కింద ఎవరికీ కనిపించని నీళ్ల పైపులు వేశాడు. యుద్ధనౌక కట్టమని చెప్పడం మాత్రం ఇదే మొదటిసారి.

నూట ఇరవై ఏళ్ల కిందట ఇంగ్లండులో తయారైన డ్రెడ్‌నాట్ అనే యుద్ధనౌకకు అది నమూనా. అసలు దానిలో అయిదో వంతు పొడవు, అంటే ముప్పైరెండు మీటర్లు. దోహాకు దక్షిణాన సముద్రం ఒడ్డున ఎవరో ధనవంతుడు పెడుతున్న ప్రదర్శన పార్కు కోసం అడిగారు. లోతు తక్కువ నీళ్లలో, కాంక్రీటు దిమ్మెల మీద అది నిలబడాలి. జనం డెక్కు మీద తిరగాలి. తొమ్మిది మీటర్ల స్తంభం ఎక్కి, అసలు ఓడలో కాపలావాళ్లు నిలబడే అరుగు మీద నుంచి సముద్రాన్ని చూడాలి.

నవంబరులో పని మొదలైంది. పది ఫిరంగులకు పది పైపులు కోసి బుచ్చన్నే సానబట్టాడు. పాత ఓడకు రేకుల్ని కలిపే రివెట్లు ఉండేవి గనక ఈ ఓడకూ కనిపించాలన్నారు. గుండ్రటి తల ఉన్న బోల్టులు తెచ్చి, తలలు కోసి, రేకుల మీద వరసగా అతికించారు. ఆ పనికే నలుగురికి మూడు వారాలు పట్టింది.

"అప్పట్ల వీటిని ఎర్రగ కాల్చి సుత్తెలతోని కొట్టేటోళ్లట," అన్నాడు ఇక్రాముద్దీన్. అతనిది నిజామాబాద్. యార్డులో స్టోర్ కీపరు, బుచ్చన్న ఉండే గదిలోనే ఉంటాడు. పార్కువాళ్లు ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం అతని దగ్గరుంది. చాయ్ తాగే టైములో రోజుకో పేజీ చదివి తెలుగులో చెప్పేవాడు. "పని షురూ చేసిన ఏడాదికే ఓడను సముద్రం మీద పరీక్షకు పంపిన్రట బుచ్చన్నా. వేల మంది పని చేసిన్రట."

"పేరుకు అర్థమేంది భాయ్?"

"దేనికీ బెదరనిది అని."

బుచ్చన్నకు ఆ మాట నచ్చింది. ఆ రోజు నుంచి ఓడను 'బెదరంది' అనే పిలిచేవాడు. గదిలో మిగతావాళ్లు కూడా, "మీ బెదరంది ఎక్కడిదాకా అచ్చింది?" అని అడగడం మొదలుపెట్టారు.

గొడవ డిసెంబరులో వచ్చింది. డెక్కు కింద ఒక డీజిల్ జనరేటర్ పెట్టాలి, లైట్లకు, నీళ్ల మోటార్లకు. దాని పొగను ముందున్న పొగగొట్టంలోకి ఎక్కించమని కొత్త డ్రాయింగు వచ్చింది. గొట్టంలోంచి నిజం పొగ లేస్తుంటే ఓడ ప్రాణంతో ఉన్నట్టు కనిపిస్తుందని పార్కువాళ్ల కోరిక. బుచ్చన్న డ్రాయింగు పరిచి చాలాసేపు చూశాడు. పొగగొట్టానికి సరిగ్గా వెనకే స్తంభం ఉంది. పిల్లలు ఎక్కి నిలబడే అరుగు ఆ స్తంభం మీదే ఉంది.

ఇలాంటిది అతను ఒకసారి చూశాడు. ఏడేళ్ల కిందట, వేరే కంపెనీలో, ఒక ట్యాంకు లోపల రిపేరు పని. లోపలికి గాలి కొట్టే ఫ్యాను మూతి బయట నడుస్తున్న ఇంజను పక్కన పెట్టారు. ఇంజను పొగ లోపలికి పోతుందని బుచ్చన్నకు చూడగానే తెలిసింది. ఫోర్‌మన్ చెప్పాడు కదా అని ఊరుకున్నాడు. లోపల పని చేస్తున్న జలంధర్, పక్క ఊరివాడే, గంటకు పడిపోయాడు. బతికాడు గానీ ఆ తర్వాత పనికి పనికిరాలేదు. ఇప్పటికీ ఇంటి ముందు మెట్లెక్కితే రొప్పుతాడు. జలంధర్ ఎన్నడూ బుచ్చన్నను ఒక్క మాట అనలేదు. బుచ్చన్న చూసి కూడా చెప్పలేదన్న సంగతి అతనికి తెలియదు.

మర్నాడు పొద్దున్నే బుచ్చన్న ప్రాజెక్టు మేనేజరు దగ్గరకు వెళ్లాడు. మేనేజరు రయీస్ హైదరాబాదువాడు. పని తెలిసినవాడు, చెడ్డవాడు కాదు. కాకపోతే జనవరిలో పార్కు తెరవాలన్న తొందర అతని నెత్తి మీద కూర్చుంది.

"సాబ్, ఈ పైపు నేను పెట్ట," అన్నాడు బుచ్చన్న.

"ఎందుకు పెట్టవ్?"

"పొగ సక్కగ పిల్లల మొకానికి కొడ్తది. డీజిల్ పొగ. కనబడనిది గూడ ఉంటది అండ్ల."

"అరె, అసలు ఓడే అట్ల ఉంది కదా భాయ్. ముందు చిమ్నీ, వెనక స్తంభం. మనం మార్చేది ఏముంది?"

"అసలు ఓడ గూడ తప్పే సాబ్. పుస్తకంల ఉన్నది. ఇక్రాం భాయ్‌ని అడుగుండ్రి."

ఇక్రాముద్దీన్‌ను పిలిచారు. అతను భయపడుతూనే పేజీ తీసి చదివాడు. పడవలు దింపే కొయ్యకు ఆనిక కావాలని స్తంభాన్ని పొగగొట్టం వెనక పెట్టారట. ఓడ సముద్రంలోకి వెళ్లాక పైన కాపలా ఉన్నవాళ్లకు పొగ, వేడి తగిలి కళ్లు తెరవడం కష్టమయ్యేదట. ప్రపంచంలో అంత గట్టి ఓడ మరొకటి లేదని పేరు తెచ్చుకున్న రోజుల్లోనే దానికి ఈ ఇబ్బంది.

"అంత మందిల ఒక్కనికన్న తెల్వకుంటదా సాబ్?" అన్నాడు బుచ్చన్న. "కట్టెటోనికి కనబడే ఉంటది. డ్రాయింగుల ఉన్నదని కట్టిండు."

రయీస్ ముఖం ఎర్రబడింది. అప్పటికే పన్నెండు మంది పని ఆపి వింటున్నారు. "కంపెనీ నిన్ను సోచాయించడానికి పెట్టలే. పైపులు బిగించడానికి పెట్టింది. చేయనంటే టికెట్ తీస్తా, ఇంటికి పో."

"తీయుండ్రి. గని ఒక కాయిదం రాసియ్యుండ్రి. పొగ పైపు పెట్టనన్నడు, అందుకే పంపుతున్నమని. సంతకం జేసి ఇయ్యుండ్రి. రేపే పోత."

రయీస్ కాగితం రాయలేదు. టికెట్టూ తీయలేదు. బుచ్చన్నను పైపు పని నుంచి తీసేసి, తుప్పు గోకే పనిలో వేశాడు. పద్నాలుగేళ్లుగా ఫిట్టరైన మనిషి చేతికి ఇనుప బ్రష్షు వచ్చింది. పొగ పైపును గంగాప్రసాద్ అనే ఇంకో ఫిట్టరు పెట్టాడు. ఆ రెండు రోజులు అతను బుచ్చన్న వైపు చూడలేదు. బుచ్చన్నకు అతని మీద కోపం లేదు. ఒకప్పుడు తానూ అలాగే తలవంచి పని చేసినవాడు.

శుక్రవారం భార్య భూమవ్వ ఫోన్ చేస్తే జరిగింది చెప్పాడు.

"ఆ దుబాయ్ల నీకెందుకయ్యా లొల్లి? వాళ్ల పడవ, వాళ్ల పొగ," అంది ఆమె. గల్ఫంతా ఆమెకు దుబాయే.

"జలంధర్ ఎట్లున్నడు?" అని అడిగాడు బుచ్చన్న.

ఎందుకడిగాడో భూమవ్వకు తెలిసింది. ఏడేళ్ల కిందటి సంగతి బుచ్చన్న చెప్పింది ఆమె ఒక్కదానికే. "సరే," అంది. "గంత గట్టిగ అనుకుంటె వంగకు. పంపిస్తె రా. ఇంట్ల జాగ లేదా నీకు?"

జనవరి మొదటి వారంలో ఓడ ముక్కలు ట్రెయిలర్ల మీద పార్కుకు చేరాయి. బిగించడం, రంగు వేయడం అయ్యాక పరీక్ష రోజు వచ్చింది. పార్కు తరఫున ఒక ఖతరీ ఇంజనీరు వచ్చాడు, యాభై దాటిన మనిషి, హిందీ బాగానే అర్థమవుతుంది. రయీస్ సైగ చేస్తే జనరేటర్ మొదలైంది. పొగగొట్టంలోంచి నల్లటి పొగ సుడులు తిరుగుతూ లేచింది. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది. పనివాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. ఇంజనీరు ఫోన్ తీసి ఫోటోలు తీసుకున్నాడు.

వెనక వరసలోంచి బుచ్చన్న ముందుకు వచ్చాడు. చేతిలో ఇంకా బ్రష్షు ఉంది. "రయీస్ సాబ్, పైకి ఎక్కుదాం పాండ్రి."

"చల్, పక్కకు జరుగు," అన్నాడు రయీస్ పళ్ల బిగువున.

"నేను గూడ అస్త. ఇద్దరం పావుగంట నిలబడుదం. ఏం గాకుంటె రేపు పొద్దున నేనే విమానం ఎక్కుత. ఎవ్వలూ పంపుడు అక్కరలేదు."

ఖతరీ ఇంజనీరు ఏమిటని అడిగాడు. బుచ్చన్న తనకొచ్చిన హిందీలో తానే చెప్పాడు: పిల్లలు నిలబడే చోట ముందు మనం నిలబడి చూద్దాం అని. ఇంజనీరు రయీస్ వైపు తిరిగి స్తంభం చూపించాడు. ఇక రయీస్‌కు ఎక్కక తప్పలేదు.

మొదటి రెండు నిమిషాలూ ఏమీ కాలేదు. పొగ పక్కకు పోతోంది. రయీస్ కిందికి చూసి చెయ్యి కూడా ఊపాడు. అంతలో గాలి తిరిగింది. పొగ మొత్తం వచ్చి అరుగును కప్పేసింది. కింద ఉన్నవాళ్లకు ఇద్దరూ కనిపించలేదు, దగ్గు మాత్రం వినిపించింది. పంతం మనిషి రయీస్, మరో మూడు నిమిషాలు కమ్మీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తర్వాత మోకాళ్ల మీద కూలబడ్డాడు. బుచ్చన్నకు కూడా తల తిరుగుతోంది. అయినా రయీస్ చంకలో చెయ్యి వేసి లేపి, ముందు తాను దిగుతూ, ఒక్కో మెట్టు మీద అతని కాలు పట్టి పెడుతూ కిందికి తెచ్చాడు. రయీస్ తెల్ల చొక్కా మసిబారింది. కళ్లు చింత నిప్పుల్లా ఉన్నాయి.

బుచ్చన్న నీళ్ల సీసా మూత తీసి అతని చేతికిచ్చాడు.

"జనరేటర్ బంద్ చేయండి," అన్నాడు ఖతరీ ఇంజనీరు. తర్వాత బుచ్చన్నను అడిగాడు, "ఎన్ని రోజులు కావాలి?"

"మూడు రోజులు," అన్నాడు బుచ్చన్న.

ఇక్రాముద్దీన్ ఎక్కడెక్కడి యార్డుల్లోనో తిరిగి పైపులు పోగుచేశాడు. గంగాప్రసాద్ ఎవరూ చెప్పకుండానే వచ్చి పక్కన కూర్చున్నాడు. జనరేటర్ పొగను డెక్కు కిందుగా తీసుకెళ్లి, పార్కు గోడ దాటించి, జనం తిరగని ఇసుక దిబ్బ వైపు వదిలారు. పొగగొట్టంలోకి చల్లటి నీటి తుంపరను ఆవిరిలా వదిలే యంత్రం పెట్టారు. మూడో రోజు మధ్యాహ్నానికి పని అయిపోయింది. అదే సాయంత్రం బుచ్చన్నకు మెసయీద్‌కు బదిలీ కాగితం వచ్చింది. అక్కడ ఒక ఫ్యాక్టరీలో మరమ్మతులు, పన్నెండు గంటల డ్యూటీ. మార్చిలో ఊరికి వెళ్లాల్సిన సెలవు వాయిదా పడింది. కారణం ఎవరూ చెప్పలేదు, అతనూ అడగలేదు. గది ఖాళీ చేసేటప్పుడు ఇక్రాముద్దీన్ కళ్లనీళ్లు పెట్టుకుంటే, "ఏడుస్తవేంది? నేనేమన్న తప్పు జేసిన్నా?" అని కసిరాడు.

పార్కు తెరిచిన అయిదు వారాలకు బుచ్చన్నకు ఒక మంగళవారం సెలవు దొరికింది. బస్సులు మారి వెళ్లాడు. స్కూలు పిల్లలు బారులు తీరి ఉన్నారు. పొగగొట్టంలోంచి తెల్లటి ఆవిరి వస్తోంది. స్తంభం ఎక్కడానికి నలుగురు నలుగురుగా పంపుతున్నారు. బుచ్చన్న వరసలో పిల్లల వెనక నిలబడ్డాడు. కాపలావాడు అతని చెప్పులనూ, పాత షర్టునూ చూసి, "ఇది విజిటర్లకు," అన్నాడు హిందీలో.

"నేను గూడ విజిటర్‌నే. టికెట్ ఉన్నది," అని చూపించి, కదలకుండా అక్కడే నిలబడ్డాడు. నలభై నిమిషాలకు అతని వంతు వచ్చింది. ముగ్గురు ఆడపిల్లలతో కలిసి పైకెక్కాడు. గాలి రెండుసార్లు తిరిగింది. ఆవిరి చల్లగా తగిలితే పిల్లలు కిలకిలా నవ్వారు. బుచ్చన్న ఛాతీ నిండా గాలి పీల్చుకుని, వాళ్లతో పాటు సముద్రం చూసి దిగాడు.

కింద రయీస్ ఉన్నాడు, ఏదో లెక్క చూసుకోవడానికి వచ్చినట్టున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"మెసయీద్‌లో ఎట్ల ఉంది?"

"పనే గదా సాబ్."

రయీస్ ఓడ వైపు చెయ్యి చూపించాడు. "ఎండాకాలం అయినంక ఇంకోటి కట్టమంటున్నరు. వస్తవా?"

"అస్త. గని నా నోరు గూడ నాతోనే అస్తది సాబ్."

రయీస్ నవ్వలేదు. తల ఊపి వెళ్లిపోయాడు.

రయీస్ దగ్గర్నుంచి ఇప్పటిదాకా ఫోన్ రాలేదు. బుచ్చన్న మెసయీద్‌లోనే ఉన్నాడు. కిందటి వారం అక్కడి ఫోర్‌మన్ గాలి ఫ్యాను లేకుండా ఒక కుర్రాణ్ణి ట్యాంకులోకి దిగమన్నాడు. బుచ్చన్న పోయి ట్యాంకు మూత మీద కూర్చున్నాడు. ఫ్యాను వచ్చేదాకా లేవలేదు.