వేలు పెట్టి చదివిన పిల్ల

చోడవరం బడిలో నాకు పంతులమ్మ ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఒకటో తరగతిలో తక్కిన పిల్లలకంటే జానెడు పొడుగున్న పిల్ల ఒకతె కూర్చునేది. చెరకు రైతు కూతురు. ఆమె ఈడు పిల్లలంతా మూడో తరగతికి వెళ్లిపోయినా ఆమె అక్కడే ఉండిపోయింది. హెడ్మాస్టరు ఆమెను పేరు పెట్టి పిలవగా నేనెన్నడూ వినలేదు. "మొద్దూ" అనేవాడు. పిల్లలూ అదే నేర్చుకున్నారు.

మొద్దు కాదామె. ఈ రోజు నేను చెప్పిన కథను మర్నాడు మాట పొల్లుపోకుండా అప్పజెప్పేది. పలక చేతికిస్తేనే బిగుసుకుపోయేది. 'వాన' అని రాస్తే 'పాన' అని చదివేది. మ, య ఆమెకు ఒకటే.

"అచ్చరాలు కుదురుగా ఉండవండి, జరిగిపోతాయి" అంది ఓసారి.

హెడ్మాస్టరు నవ్వి, ఆమె వేళ్ల కణుపుల మీద బెత్తంతో కొట్టాడు. "ఇప్పుడు కుదురుగా ఉన్నాయేటే?" అన్నాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఈ వయసులోనూ నా ఒళ్లు మండుతుంది.

నాకు ఎవరూ ఏ పద్ధతీ నేర్పలేదు. కంటికి అందనిది చేతికి అందుతుందేమో అనుకున్నాను, అంతే. గోనెసంచి కత్తిరించి అక్షరాలు చేసి అట్టల మీద అంటించాను. ఆమె కళ్లు మూసుకుని 'వ'ను వేలితో తడుముతూ పైకి పలికేది. తర్వాత చేటలో ఇసుక పోసి అందులో రాసేది. 'వ' స్థిరపడేదాకా 'ప' జోలికి పోలేదు. వాచకంలో వరుసలు కలిసిపోతున్నాయంటే, ఒక్క వరుసే కనబడేలా ఒక అట్టకు సన్నటి కంత కోసి ఇచ్చాను. దసరా సెలవుల నాటికి ఆ అట్ట జరుపుకుంటూ, వేలు ఆనించి, కూడబలుక్కుంటూ చదవసాగింది.

"ఇది బడా, బొమ్మలకొలువా?" అన్నాడు హెడ్మాస్టరు.

బడి తనిఖీకి ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున ఆమెను వెనక దాచమన్నాడు హెడ్మాస్టరు. నేను ముందు వరుసలో కూర్చోబెట్టాను. ఇన్‌స్పెక్టరు చదవమన్నాడు. పిల్ల అట్ట పెట్టి, వేలు ఆనించి, మొదటి మాట సరిగ్గానే చదివింది. హెడ్మాస్టరు వచ్చి అట్ట లాగేశాడు.

"వేలు తియ్యి. చూసి చదువు."

ఆమె వేలు తీసి ఒళ్లో దాచుకుంది.

"వేలు పెట్టుకోనివ్వండి, చదువుతుంది" అన్నాను.

"ఇంత పిల్లకి వేలేటమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మీ కళ్లద్దాలు తీసేసి మీరు చదవగలరా?"

ఆయన పిల్లవైపు చూడనైనా చూడలేదు. "ఈవిడకి పొగరు" అన్నాడు, నాతో కాదు, హెడ్మాస్టరుతో.

ఆ రోజులలో ఈ ఇబ్బందికి ఒక పేరుందని మాలో ఎవరికీ తెలీదు. ఆ తెలియనితనాన్ని నేను తప్పు పట్టను. కానీ చదువుతున్న పిల్ల చేతిలోంచి అట్ట లాగేయడం తెలియనితనం కాదు.

మర్నాడే హెడ్మాస్టరు పిల్ల తండ్రిని పిలిపించి, "దీన్ని పొలం పనికి పెట్టుకో" అని పేరు కొట్టేశాడు. సాయంత్రం నేను వాళ్లింటికి వెళ్లాను.

"మేస్టారే సెప్పేక ఇంకేటుంటాదమ్మా" అన్నాడు తండ్రి.

"ఆయన చెప్పింది అబద్ధం" అన్నాను.

చెరకు ఆకు కట్టలు కడుతున్న తల్లి చేతులు ఆపింది. "నాకూ సిన్నప్పుడు అచ్చరాలు నిలబడేవి కావమ్మా. నన్నూ ఇలాగే తరిమేసేరు. బడికి వద్దంటే మానె, దీన్ని మీ ఇంటికి పంపుతాను" అంది.

పంపింది. మా అరుగు మీద ఆ పిల్ల వాచకం ముగించింది, తర్వాత కథల పుస్తకాలు పట్టింది. వేగం రాలేదు, వేలూ వదల్లేదు. వేసవి తర్వాత మళ్లీ చేర్చుకోమని అడిగితే, "కొట్టేసిన పేరు మళ్లీ రాయం" అన్నాడు హెడ్మాస్టరు. ఆమె ఇక బడి మెట్లెక్కలేదు. పొలం నుంచి వచ్చాక తల్లి పక్కన కూర్చుని కథలు చదివి వినిపించేదట.

హెడ్మాస్టరు రిటైరైనప్పుడు శాలువా కప్పి సన్మానం చేశారు. నన్నూ నాలుగు మాటలు మాట్లాడమని కబురు పెట్టారు. వెళ్లలేదు. వెళ్తే నాలుగుతో ఆగేదాన్ని కాదు.