నెట్ ఎత్తు కొలిచే కర్ర

మా ఊళ్ళో వాలీబాల్ నెట్ కట్టడం నా పని. అంతకుముందు ఎవరో ఒకరు చెయ్యి పైకెత్తి, ఇంతుంటే చాలని అందాజాగా కట్టేవారు. ఒక రోజు ఎత్తుగా, ఇంకో రోజు కిందికి ఉండేది. పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివి వచ్చాక నాకది నచ్చలేదు. ఒక వెదురుకర్ర నరికి, టేపుతో కొలిచి, రెండు మీటర్ల నలభై మూడు సెంటీమీటర్ల దగ్గర ఎర్ర గీత గీశాను. నెట్ పై అంచు నడుమ, రెండు చివర్లా గీతకు సరిగ్గా వచ్చేదాకా ఆట మొదలుపెట్టనిచ్చేవాణ్ణి కాదు.

"ఇంజినీరు సాబు కర్ర పట్టిండు. కొలిచేసరికి పొద్దు గూకుతది" అని నవ్వేవారు. కానీ ఆగేవారు.

నెట్ దగ్గర షాట్ కొట్టేవాణ్ణి నేనే. ఆ వేసవిలో మూడో సెట్టు వచ్చేసరికి నా షాట్లు నెట్‌కు తగలడం మొదలైంది. మా కెప్టెన్ మా చిన్నాయన కొడుకు, నాకంటే పెద్దవాడు. ఆట అయ్యాక పక్కకు పిలిచాడు.

"తమ్ముడూ, నీకు దమ్ము సాల్తలేదు. దసరాకు మండల పోటీలున్నయి. జర బాడీ చెయ్యి."

"చెయ్యకపోతే?"

"చెయ్యకపోతే ఏముంది, ఇంకొకన్ని చూస్త. నా తమ్మునివని గెలిపిస్తరా ఏంది?"

నవ్వుతూ అన్నా, నిజమే అన్నాడు. నెట్ దగ్గర ఆ జాగా తప్ప ఊళ్ళో నాదంటూ చెప్పుకోవడానికి మరొకటి లేదు.

నకిరేకల్‌లో ట్రాక్టర్ షోరూములో సర్వీసు పని చేసేవాణ్ణి. ఎదురుగా ఎరువుల దుకాణం మీద ఒక జిమ్ ఉండేది. ఎప్పుడు వెళ్ళినా యూరియా వాసన వచ్చేది. చేరే ముందు కావలసినవి రాసుకున్నాను: మూడు సెట్లకు సరిపడా ఊపిరి, పైకి ఎగరడానికి తొడల బలం, కొట్టడానికి భుజం. ఏ రోజు దేనికో పట్టిక వేసుకున్నాను. ఎక్కడైనా బలం తక్కువైతే అక్కడ బరువు పెంచాలి. యంత్రమైనా ఒళ్ళైనా లెక్క ఒకటే అనుకున్నాను.

మొదటి వారంలోనే ట్రైనర్ పట్టేశాడు. బరువు తల మీదికి లేపినప్పుడు నా మోచేతులు పూర్తిగా చాపడం లేదని.

"చెయ్యి సాపు తమ్మీ. సీదా!"

"ఇంతే వస్తుందన్నా."

"వస్తది. నువ్వే బుగులు పడుతున్నవు. బస్సుల రాడు పట్టుకొని నిలబడ్డట్టు ఏందది?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. మోచేతి దగ్గర ఏదో అడ్డం పడ్డట్టు ఆగిపోయేది. నొప్పి కంటే ఆ ఆగడమే వింతగా ఉండేది. బిగుసుకున్న కండరం వదులవుతుందని ట్రైనర్ రెండు పనులు చెప్పాడు: కొంచెం బరువు పెంచమని, రోజుకు నాలుగు లీటర్ల నీళ్ళు తాగమని.

అప్పటికి మా ఊరికి కృష్ణ నీళ్ళ నల్లాలు వచ్చాయి. కానీ పొద్దున కాసేపే వదిలేవారు, కొన్నాళ్ళు అదీ లేదు. పట్టిన బిందెలు వంటకు, ఇంటిల్లిపాది తాగడానికి. అందులోంచి నాలుగు లీటర్లు నాకొక్కడికే తీయమని అమ్మను ఎలా అడుగుతాను? కోర్టు పక్కనే పాత బోరింగు ఉంది. నా చిన్నప్పుడు సర్కారువాళ్ళు దాని ఒంటికి ఎర్ర రంగు వేసి పోయారు, తాగొద్దని గుర్తుగా. కొట్టీ కొట్టీ హ్యాండిల్ మీది రంగంతా పోయింది. ఆట అయ్యాక అందరం తాగేది అక్కడే. సీసాలు అక్కడే నింపుకున్నాను.

నా పట్టిక పని చేసింది. అదే నాకు అర్థం కాని సంగతి. మూడో సెట్టులో కూడా ఊపిరి ఆడుతోంది. మునుపటికంటే ఎత్తుకు ఎగురుతున్నాను. అయినా బంతి నెట్‌కే తగులుతోంది. ఇంట్లో గోడ పక్కన నిలబడి చెయ్యెత్తి వేలు అందినచోట బొగ్గుతో గీత పెట్టాను. కొన్ని వారాల తర్వాత మళ్ళీ చూస్తే వేలు గీతకు అందలేదు. మడమలు సరిచేసుకుని మళ్ళీ ఎత్తాను. మళ్ళీ అంతే. కాళ్ళు సంపాదించింది చెయ్యి పోగొడుతోంది.

మా అవ్వ గడప దగ్గర కూర్చుని చూస్తోంది. ఆమె నడుము ఎప్పుడో వంగిపోయింది. తల పైకెత్తి గోడ మీది గీతను చూడలేదు. నా పాదాలను చూస్తూనే అడిగింది.

"చెయ్యి గుంజుతాందా బిడ్డా?"

"జిమ్ముల నొప్పులవ్వా. తగ్గుతయి."

"నాకు గూడ మొదాలు నొప్పులే."

ఆ మాట విన్నాక నల్లగొండలో ఎముకల దవాఖానకు వెళ్ళాను. డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి, ఏ ఊరని అడిగాడు. చెప్పాను. ఇక దాన్ని చూడకుండా బల్ల మీద పెట్టేశాడు.

"ఎముక మీద ఎముక పేరుకుంది. అందుకే చెయ్యి చాపలేకపోతున్నావు. ఇది కండరం సంగతి కాదు."

"ఎక్సర్‌సైజు చేస్తే తగ్గుతుందా సార్?"

"ఉన్నది పోకుండా కాపాడుకో. పోయింది రాదు. బరువులు మానేయ్."

ఈ మధ్య బోరింగు నీళ్ళు ఎక్కువ తాగానని చెప్పాను. అందువల్లే అంటాడనుకున్నాను. అలా అంటే మానేసి చూడొచ్చు.

"ఆ ఫ్లోరైడు నీళ్ళు మానేయాల్సిందే. కానీ ఇది ఈ మధ్యది కాదయ్యా. పుట్టినప్పటి నుంచి తాగావుగా."

జిమ్‌లో చెప్పినప్పుడు ట్రైనర్ నా మోచెయ్యి పట్టుకుని, నెమ్మదిగా చాపి చూసి, వదిలేశాడు. "కాళ్ళవి చేసుకో తమ్మీ" అన్నాడు. ఆ నెల చివరిదాకా కాళ్ళవి చేశాను. ఎందుకో తెలియకుండానే చేశాను.

జట్టులో ఎవరికీ చెప్పలేదు. అయినా ఊళ్ళో తెలియకుండా ఉంటుందా. ఒక ఆదివారం షోరూము నుంచి ఆలస్యంగా వస్తే నెట్ అప్పటికే కట్టి ఉంది.

"రా రా, నీకోసమే ఆగినం" అన్నాడు మా కెప్టెన్ అన్న.

మొదటి లిఫ్టు నాకే లేపారు. ఎగిరి కొట్టాను. బంతి అవతల నేలకు తగిలి దుమ్ము లేచింది. రెండోదీ పడింది. "జిమ్ము బాడీ రా బై!" అని ఒకడు ఈల వేశాడు. మూడోది కూడా పడ్డాక చప్పట్లు మరీ ఎక్కువయ్యాయి. అవతలి జట్టువాళ్ళు కూడా కొడుతున్నారు. నేను బోరింగుకు ఆనించి ఉన్న కర్ర దగ్గరికి నడిచాను.

"ఇయ్యాల కర్రెందుకు తమ్ముడూ? ఆడుకో" అన్నాడు అన్న. గొంతు మారింది.

కర్రను నెట్ పక్కన నిలబెట్టాను. ఎర్ర గీత నెట్ పై అంచుకు జానెడు పైన ఉంది. ఒకడు బంతిని నేల మీద కొడుతూ ఉన్నాడు, అన్న చూసేసరికి ఆపేశాడు.

"పోటీలల్ల ఇట్ల కట్టరన్నా" అన్నాను.

"నాకు ఎరుకే."

స్తంభం దగ్గర రాయి మీద నిలబడి ముడి వేసేది ఎప్పుడూ నేనే. రాయి ఎక్కాను. తాడు పట్టుకున్న చెయ్యి కొక్కెందాకా వెళ్ళలేదు. దిగాను. అన్న ఎక్కాడు. కర్ర పట్టుకున్నది నేను, ముడి వేసింది అతను. గీత దగ్గరికి వచ్చాక చాలు అన్నాను.

దసరా పోటీల కోసం నా జాగాలో ఇంటర్ చదివే పిల్లవాణ్ణి నిలబెట్టారు. పొడుగైన చేతులు, బాగా కొట్టాడు. ఆట ముగిశాక బోరింగు దగ్గర దోసిలి పట్టి తాగుతుంటే చెప్పాను, ఇంటికి పోయి నల్లా నీళ్ళు తాగరా అని.

"గియ్యాల నల్లా రాలేదన్నా" అన్నాడు మూతి తుడుచుకుంటూ. "గివి సల్లగున్నయి."

నవ్వాడు. పళ్ళ మీద గోధుమరంగు గీతలు, నా పళ్ళ మీద ఉన్నట్టే.