తొట్టి మీది పలక

1969లో, ద్రాక్ష కోతల కాలానికి, మొయినాబాద్ దగ్గరి ఒక వైన్ కార్ఖానాలో నన్ను కెమిస్టుగా వేసిండ్రు. చేవెళ్ల దిక్కు తోటల నుంచి నల్ల ద్రాక్ష వచ్చేది. కెమిస్టు అంటే హోదాలో మేనేజరు కింద, జీతంలో ఆయన డ్రైవరుకు జర మీద.

ఎర్ర వైన్‌కు రంగు తొక్కల నుంచే రావాలె. రసం పులిసేటప్పుడు పుట్టే బొగ్గుపులుసు వాయువు తొక్కలను పైకి లేపి మందంగా తెట్టు కడుతది. దాన్ని రోజూ పలుమార్లు రసంలో ముంచాలె. లేకుంటే ఎండి సిరక, అంటే వెనిగర్, వాసన కొడతది. మా దగ్గర సిమెంటు తొట్టి మీద అడ్డంగా పలక వేసి, దాని మీద మనిషి నిలబడి కట్టెతో పొడిచేవాడు. పొడిచినప్పుడల్లా ఊపిరాడనియ్యని ఆ వాయువు ముఖం మీదికే వచ్చేది.

ఇంకో పద్ధతి ఉన్నది. తొట్టి అడుగుదాకా గొట్టం దించి, కంప్రెసర్‌తో గాలి ఆగి ఆగి వదిలితే, పెద్ద బుడగ లేచి తెట్టును చీలుస్తది, రసం మీదికి పొర్లుతది. మనిషి కింద నేల మీద నిలబడి వాల్వు తిప్పితే చాలు. కార్ఖానాలో కంప్రెసర్ లేకపోలేదు. మేనేజరు గారి కారు టైర్ల సేవలో ఉన్నది. అడిగితే, ఆయిల్ వాసన వైన్‌కు పడుతదన్నడు. గాలిని దూది, బొగ్గుల నుంచి వడకడదామంటే, కూలోళ్లు ఉండంగ ఆ ఖర్చెందుకన్నడు.

మా దిక్కు పాడుబావిలో దిగేటోళ్లు ముందు కందిలి దించి చూస్తరు. అది ఆరితే దిగరు. చిన్న మంగళారం ఊరి నుంచి పనికి వచ్చే యాకోబు అదే అలవాటుతో పలక ఎక్కేముందు తొట్టిలోకి కందిలి దించేటోడు. మేనేజరు దాన్నీ బంద్ చేయించిండు. గ్యాస్‌నూనె వాసనట. అంత సున్నితమైన ముక్కు గల మనిషి, సిగరెట్టు మాత్రం తొట్ల పక్కనే కాల్చేటోడు.

ఇంతల తెలంగాణ ఉద్యమం రోడ్డెక్కింది. బస్సులు బందైనై. పనికి అందింది ఇద్దరే, యాకోబు, ఎల్లయ్య. తొట్లు మాత్రం అన్నే.

"జర గాలి పీల్చుకోవే అన్నా, వైన్ యాడికీ ఉరకదు," అన్నడు ఎల్లయ్య.

"తెట్టు ఎండితే సారు నీ తోలు గూడ అండ్లనే నానేస్తడు," అని నవ్వుకుంట యాకోబు పలకెక్కిండు. నాలుగు పోట్లు పొడిచిండో లేదో, కట్టె జారిపోయింది, మనిషి ముందుకు కూలిండు. చెయ్యి భుజందాకా తెట్టులో మునిగింది. ఎల్లయ్య కాళ్లు, నేను నడుము పట్టి గుంజినం. షెడ్డు బయట పండబెట్టి నీళ్లు కొడితే చాలాసేపటికి కండ్లు తెరిచిండు.

సిటీలో ఉన్న మేనేజరుకు ఫోన్ చేసి చెప్పిన. అంతా విని, "కట్టె వైన్‌లో పడ్డదా?" అనడిగిండు. పడ్డదన్న. "కడిగిన కట్టేనా?"

ఆ ప్రశ్నకు తగిన జవాబు నా దగ్గర ఉన్నది గానీ, అచ్చువేసే భాషలో లేదు.

అక్కడితో మనిషి సంగతి వదిలేసిన. తెట్టు సరిగ్గ మునగక రంగు దిగుతలేదని, ఇట్లనే ఉంటే సరుకు గులాబీ షర్బత్ లెక్క తేలుతదని, గాలి పెడితే ముదురు రంగు వస్తదని చెప్పిన. అబద్ధమేం కాదు. బస్సులు మళ్ల నడిచిన మొదటి దినమే కంప్రెసర్ గది తాళంచెవి, వడపోతకు మంజూరు రెండూ వచ్చినై. గాలి ఎక్కువైతే వైన్ చెడుతది కాబట్టి, రసం పులిసే జోరు మీదున్నన్ని దినాలే వాడినం. పలకలు తీసేయించిన.

మనిషి ప్రాణానికని అడిగితే ఖర్చు, సరుకు రంగుకని అడిగితే పెట్టుబడి. రిటైరయ్యేదాకా చేతితొడుగులు, నిచ్చెనలు, ముఖానికి ముసుగులు, అన్నీ సరుకు పేరు మీదనే అడిగిన. ఒక్కటీ కాదనలేదు.