స్లాబు కింద పాట

నేను ఆత్మకూరులో మేస్త్రీని. పగలు తాపీ పట్టిన చేతులే సాయంత్రం హార్మోనియం మెట్ల మీద ఆడతాయి. నా దగ్గర తట్టలు మోసే అక్క పాడుతుంది. సంగం నుంచి ట్రాక్టరులో ఇసుక తోలే ఉదయగిరి భాయి డోలక్ వాయిస్తాడు. ఇది మాకు బతుకుతెరువు కాదు, సరదా. పని అయ్యాక కాళ్లూ చేతులూ కడుక్కుని ఇసుక కుప్ప మీదే మొదలుపెడతాం. మాకంటే బాగా వాయించేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. ఉండనీ.

అనంతసాగరం దగ్గర ఒక పెద్ద రైతుకు ఇల్లు కట్టాం. ఇంటావిడ రోజూ మా పాటలు వినేది. గృహప్రవేశానికి ముగ్గురినీ పిలిచి, "హార్మోనియం పెట్టె కూడా తెచ్చుకో మేస్త్రీ, కొత్తింట్లో ఒక పాట పాడాల" అంది. మేం ఇస్త్రీ చొక్కాలు వేసుకున్నాం. అక్క దాచుకున్న పట్టుచీర కట్టింది.

గడపలోనే ఇంటావిడ తమ్ముడు అడ్డం వచ్చాడు. హార్మోనియం చూసి, "మేళం వాళ్లు లోపలికి రాబాకండి. ఆ చెప్పుల పక్కన కూర్చోండి" అన్నాడు. ఆ ద్వారబంధం నిలబెట్టింది నేను. ఒళ్లు మండింది. అక్క మాత్రం వెళ్లి మెట్టు మీద కూర్చుంది. అది చూసి ఇంకా మండింది.

"పోదాం పద భాయ్" అన్నాను.

"ఉండన్నా. పిలిచింది ఆయమ్మ గదా, ఆయమ్మని రానీ" అన్నాడు భాయి.

మా వైపు కొత్త ఇంట్లో మేస్త్రీకి బట్టలు పెట్టిన తర్వాతే భోజనాలకు ఆకులు వేస్తారు. పూజ ముగిసింది. ఇంటావిడ పంచె పళ్లెంలో పెట్టుకుని, "మేస్త్రీ ఏడి?" అంటూ గదులన్నీ వెతుకుతోంది. వినబడినా నేను లేవలేదు. చివరికి బయటికి వచ్చి మమ్మల్ని చూసింది.

"ఏందిరా ఇది? ఇల్లు కట్టినోళ్లని ఈడ కూర్చోబెట్టినావు?" అని తమ్ముడి మీద విరుచుకుపడింది. నా వైపు పళ్లెం చాపింది.

నేను చెయ్యి చాపలేదు. "ఆ స్లాబుకి తట్టలు మోసింది మా అక్కేనమ్మా. ముందు అక్క లోపల కూర్చోవాల. ఆ తర్వాతే నాకు బట్టలు" అన్నాను.

ఆమె పళ్లెం పక్కన పెట్టి, అక్క చెయ్యి పట్టుకుని లేపింది. తమ్ముడే కుర్చీలు తెచ్చి హాల్లో వేశాడు.

ఆ ఇంట్లో మొదటి పాట మాదే. ఆ గర్వం నాకు ఇప్పటికీ తగ్గలేదు, తగ్గనివ్వను కూడా. అక్క కుర్చీలో సర్దుకుని, తలెత్తి ఒకసారి పైకి చూసి, గొంతు విప్పింది. ఎన్నో ఇళ్లకు ఎండలో స్లాబు మోసిన మనిషి, దాని నీడలో కూర్చోవడం ఆ రోజే మొదలు.