పళ్ళేలు మార్చి తూచిన మనిషి

గుడివాడ నుంచి ఇన్‌స్పెక్టరు గారి అమ్మాయి ఫోన్ చేసి, "నాన్నగారు పొద్దున్నే వెళ్ళిపోయారండీ" అని చెప్పినప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, మా బావ ముఖం. మచిలీపట్నంలో మా కాటాల కార్ఖానాలో, కొలిమి పక్కన నిలబడి, మా అక్క మీద ఒట్టేసి బావ చెప్పిన మాట. "ఈ ఇన్‌స్పెక్టరు పీడ ఒక్కటి వదలనీరా, మన కొలిమికి ఇక తీరిక ఉండదు. బయట సరుకు ఒక్కటంటే ఒక్కటి మన గుమ్మం తొక్కదు. తొక్కితే నన్నడుగు." ఆ మాట అన్న మనిషే మొన్న ఇన్‌స్పెక్టరు గారి సంతాప సభలో, చర్చివాళ్ళ మాటలో ఆదరణ కూడికలో, మైకు పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ కన్నీళ్ళే ఆఖరి మాటగా మిగిలిపోకూడదని ఇది రాస్తున్నాను.

ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరు. ఘంటసాల పక్క పల్లెటూళ్ళో పుట్టి, మిషన్ బడిలో చదువుకుని, ఉద్యోగం మీద మా బందరు వచ్చారు. మాది కాటాలు చేసే కుటుంబం. ఈ తరం వాళ్ళకి కాటా అంటే అంకెలు వెలిగే పెట్టె. మేము చేసింది ఇనప కాడ, రెండు పక్కలా గొలుసులకి వేలాడే పళ్ళేలు, నడుమ నిటారుగా ముల్లు. ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు పరీక్షించి ముద్ర కొట్టందే ఒక్క కాటా కూడా అమ్మకూడదు. అదీ రూలు.

ఆయనకంటే ముందొచ్చిన ఇన్‌స్పెక్టర్లు మా నాన్న ఇచ్చిన కాఫీ తాగి, ఖాళీ పళ్ళేలు ఒకసారి ఊపి చూసి, ముద్ర కొట్టి వెళ్ళేవారు. ఈయన కూడా కాఫీ తాగారు. తాగి, ఒక పళ్ళెంలో తూకం రాళ్ళు, రెండో పళ్ళెంలో పాత ఇనుము వేయించారు. ముల్లు నిటారుగా నిలబడింది. మా నాన్న మీసం సవరించుకున్నారు. అప్పుడు ఆయన, "ఇప్పుడు అటుది ఇటు వెయ్యండి" అన్నారు.

రాళ్ళున్న చోట ఇనుము, ఇనుమున్న చోట రాళ్ళు పెట్టాం. ముల్లు పక్కకి ఒరిగిపోయింది. కాడకి ఒక చెయ్యి రవ్వంత పొడుగైతే అంతే. ఖాళీగా ఉన్నప్పుడు పళ్ళేల బరువు సర్ది దాన్ని దాచేయవచ్చు. సరుకు మార్చి తూచితే దాగదు.

"కాఫీ చాలా బాగుందండీ. కాటానే బాగాలేదు" అన్నారు.

గుడివాడ ధాన్యం వర్తకుల కోసం చేసిన సరుకు మొత్తం ఆయన వెనక్కి కొట్టారు. బయట లారీ సిద్ధంగా ఉంది. మా నాన్న కేకలు వేశారు. ఆయన మాత్రం కాగితం రాసిచ్చి వెళ్ళిపోలేదు. ప్రతి కాడా మళ్ళీ సానపట్టి తెచ్చేదాకా అక్కడే బల్ల మీద కూర్చున్నారు. తెచ్చినవి తెచ్చినట్టు పరీక్షించారు. ముల్లు ఆగేదాకా సన్నగా కూనిరాగం తీసేవారు. మా పెద్ద కమ్మరి మస్తాను ఉండబట్టలేక అడిగాడు.

"అది ఏం పాటండీ?"

"మా చర్చి పాటేనండీ. రాగం మాత్రం చర్చిది కాదు, నాది."

దీపాలు పెట్టేవేళకి లారీ కదిలింది. ఆ సరుకుతోనే మా కార్ఖానా దశ తిరిగింది. గుడివాడలో వర్తకులు కాటా కొనేముందు "బందరుదేనా, ఆయన ముద్ర ఉందా?" అని అడగడం మొదలుపెట్టారు. మచ్చలేని ముద్ర ఒకటి మా ఇనుము మీద ఉండడం వల్ల మా ఇనుముకి విలువొచ్చింది. దీన్ని అర్థం చేసుకోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. మా బావకి ఇప్పటికీ పట్టలేదు.

బావ అంటే మా అక్క భర్త. నాన్న తర్వాత వెనక కార్ఖానా నేను చూసుకునేవాణ్ణి, వీధి వైపు దుకాణం ఆయన చూసుకునేవాడు. మాటకారి. జిల్లా కాటాల తయారీదారుల సంఘానికి అధ్యక్షుడు కూడా.

ఇన్‌స్పెక్టరు గారిని మహాత్ముణ్ణి చెయ్యడం నా ఉద్దేశం కాదు. మనిషి చాదస్తుడు. చెప్పిన జోకే మళ్ళీ చెప్పి ముందు తనే నవ్వేవారు. ఇత్తడి ప్రమాణపు రాళ్ళని ముఖమల్ గుడ్డలో చుట్టి, చంటిపిల్లల్ని పడుకోబెట్టినట్టు పెట్టెలో సర్దేవారు. ఆ సేపు ఎవరైనా పలకరించినా వినిపించుకునేవారు కారు. హల్వా అంటే ప్రాణం. షుగరొచ్చాక కూడా దొంగతనంగా తిని, మూతి తుడుచుకోవడం మరిచిపోయి, ఇంట్లో దొరికిపోయేవారట.

"అటుది ఇటు వెయ్యండి" అన్న మాటని ఆయన కాటాల దగ్గరే వదిలెయ్యలేదు. ఒకసారి ధాన్యం సీజను ముందు, పని నెత్తిమీదుండగా, శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి వెళ్ళిన మస్తాను ఆలస్యంగా వచ్చాడని నేను అరుస్తున్నాను. ఈయన గుమ్మంలోంచి చూసి లోపలికొచ్చారు.

"అటుది ఇటు వెయ్యండి. ఆయన మీ కుర్చీలో, మీరు కొలిమి దగ్గర. ఇప్పుడు అరవండి చూద్దాం."

"నా కార్ఖానాలో కూడా మీ రూలేనా అండీ?" అన్నాను మండిపోయి.

"ఇది రూలు కాదండీ. ముద్ర కూడా వెయ్యను. ఊరికే చూసుకోండి."

మస్తాను తలవంచుకుని నవ్వు ఆపుకుంటున్నాడు. నేను మళ్ళీ అరవలేకపోయాను.

దివిసీమలో రొయ్యల చెరువులు ఊపందుకున్న రోజుల్లో, మరమ్మతుకి లైసెన్సున్నవాడిగా నేనూ ఆయన వెంట క్యాంపుకి వెళ్ళాను. మోపిదేవి దాటాక ఒక చెరువు గట్టు మీద పెద్ద కొనుగోలుదారు రొయ్యలు తూయిస్తున్నాడు. చెరువు గల మనిషి భార్య ఒక పక్కన నిలబడి, "ఇంటి దగ్గర తూస్తే ఒకటొస్తుంది, వీళ్ళు తూస్తే ఇంకోటొస్తుందండీ" అంటోంది. ఇన్‌స్పెక్టరు గారు పళ్ళేలు మార్పించారు. కాటా దభీమని ఒక పక్కకి పడింది.

"ఉప్పుగాలండీ అయ్యగారూ, తుప్పు పట్టేసిందండీ" అన్నాడు కొనుగోలుదారు.

"తుప్పు కూడా మీ పక్షమేనా అండీ?" అన్నారు ఈయన, కాటా జప్తు చేస్తూ.

గట్టు మీదున్న ఆడవాళ్ళందరూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వు కొనుగోలుదారు మరిచిపోలేదు. అతనికి మంత్రిగారి ఇంట్లో చనువుంది. ఇన్‌స్పెక్టరు మీద ఫిర్యాదు అతనొక్కడూ మోసుకెళితే కక్ష అంటారు. అదే తయారీదారుల సంఘం మోసుకెళితే పరిశ్రమ కష్టం అంటారు. అందుకని అతను మా బావ దగ్గరికొచ్చాడు.

ఆ మధ్యాహ్నం మా ఇంట్లో జరిగిన గొడవ నాకు నిన్నటిలా ఉంది.

"బావా, ఆయన ముద్ర పోతే మన కాటాకీ రేకు కాటాకీ తేడా ఎవడు చెప్తాడు?" అన్నాను.

"కొనేవాడు చెప్తాడురా. మార్కెట్టు చెప్తుంది. నువ్వు పుస్తకాలు చదివీ చదివీ సర్కారు మనిషివైపోయావు."

"నువ్వు ఏమీ చదవకుండానే మంత్రి మనిషివయ్యావు కదా!"

"ముందు తిని చావండి. దేశం సంగతి చేతులు కడుక్కున్నాక తేల్చుకోండి" అంది మా అక్క వంటింట్లోంచి.

చేతులు కడుక్కున్నాక కూడా తేలలేదు. మర్నాడు కార్ఖానాలో, పనివాళ్ళ ముందు, సంఘం వాళ్ళ ముందు నేను వద్దన్నాను. అప్పుడే బావ నేను మొదట చెప్పిన ఒట్టు వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మస్తాను కొట్టలేదు.

సంఘం విజయవాడ వెళ్ళి మంత్రిగారికి దండ వేసింది. ఇన్‌స్పెక్టరు గారికి జిల్లా దాటి, అడవుల వైపు బదిలీ అయ్యింది. తర్వాత కొన్నాళ్ళకి, పై అధికారి అనుమతి లేకుండా ఎవరి దుకాణంలోకీ వెళ్ళి తనిఖీ చెయ్యకూడదని కొత్త పద్ధతి వచ్చింది. వ్యాపారం సులువు చెయ్యడానికట. మా బావ పెద్ద హల్వా పొట్లం పంచాడు.

సులువు ఎవరికయ్యిందో తొందరలోనే కనపడింది. తలుపుకి కాపలా తీసేస్తే లోపలివాళ్ళు బయటికి వెళ్ళగలిగినట్టే బయటివాళ్ళు లోపలికీ రాగలరు. విదేశాల నుంచి కంటైనర్లలో ప్లాస్టిక్ కాటాలు దిగాయి. చేసిందెవరో వాటి మీద పేరుండదు. ముద్ర అసలే ఉండదు. అంకెలు మాత్రం ఎర్రగా, ధీమాగా వెలుగుతాయి. మా గుడివాడ వర్తకుడు ఒకాయన్ని, "ముద్ర లేకుండా ఎలా కొన్నారండీ?" అని అడిగితే, "ఇప్పుడు అడిగేవాడెవడండీ?" అన్నాడు. అబద్ధమాడలేదు.

బందరులో ఆ పెట్టెలని ముందుగా దుకాణంలో పేర్చింది ఎవరనుకున్నారు? నేను వెనక కొలిమి దగ్గర్నుంచి ముందుకొచ్చి చూసేసరికి, మా కాటాలు వేలాడే కొక్కేలకి వాటి రంగుల అట్టపెట్టెలు వేలాడుతున్నాయి.

"మరి అక్క మీద వేసిన ఒట్టో?"

"కాలం మారిందిరా. నేనమ్మకపోతే పక్కవాడు అమ్ముతాడు."

"బయట సరుకు గుమ్మం తొక్కదని కదా బావా, ఒట్టేసి మంత్రి దగ్గరికి వెళ్ళింది!"

ఆయన దుకాణానికొచ్చిన ఎవరితోనో మాట్లాడుతున్నట్టు అటు తిరిగాడు. మా అక్క ఆ తర్వాత దుకాణంలోకి అడుగు పెట్టలేదు. కొలిమి చల్లారింది. మస్తాను ఇప్పుడు బంటుమిల్లి వైపు చెరువుల్లో నీళ్ళు చిలికే యంత్రాలు బాగుచేస్తున్నాడు. అవి కూడా బయట నుంచి వచ్చినవే.

ఈ దేశంలో తయారీ ఎందుకు దెబ్బతింది అన్న విషయం మీద నేను చాలానే చదివాను. ప్రభుత్వం పెత్తనం ఎక్కువై అని సగంమంది, తక్కువై అని సగంమంది. ఇద్దరూ ఆకురాయి పట్టి ఎరగరు. లైసెన్సు కోసం నా చెప్పులు అరిగిన మాట నిజమే. కాఫీ తాగి ముద్ర కొట్టిన ఇన్‌స్పెక్టర్లు మా పనితనాన్ని పాడుచేసిన మాటా నిజమే. వాళ్ళవల్ల పోవలసింది కాఫీ. మేము పోగొట్టుకున్నది ముద్ర. నాకు తెలిసినంతలో, కడుపు మండినప్పుడు మంచి అధికారినీ చెడ్డ అధికారినీ ఒకే గాటన కట్టి ఇద్దర్నీ తరిమేసే పరిశ్రమ, తన గోడ తనే కూల్చుకుంటుంది.

ఆయన రిటైరై గుడివాడలో స్థిరపడ్డాక వెళ్ళి కలిసేవాణ్ణి. వరండాలో మా కార్ఖానా కాటా వేలాడుతూ ఉండేది. కూరలబండి వాడి దగ్గర కొన్న వంకాయలు కూడా దాని మీద మళ్ళీ తూచేవారు. "తాతగారూ, నాది కంప్యూటరు కాటా అండీ" అని వాడు వేళాకోళం చేసేవాడు. "అందుకేనయ్యా అనుమానం" అనేవారు ఈయన.

ఒకసారి అడిగాను, మా బావ మీద కోపం లేదా అని.

"నా ముద్రసుత్తి అప్పగించేటప్పుడు చెయ్యి రాలేదండీ, అంతే. కోపమా? ఆయనకీ పిల్లల చదువులున్నాయి, దుకాణం మునిగిపోతుందన్న భయముంది. అటుది ఇటు వెయ్యండి" అన్నారు.

ఆ రోజు ఆయన ఇచ్చిన టీ కూడా తాగకుండా లేచి వచ్చేశాను.

ఆదరణ కూడిక వాళ్ళ చర్చి ఆవరణలో జరిగింది. పాస్టరు గారు ఎవరైనా రెండు మాటలు చెప్పమంటే మా బావ లేచాడు. "ఆయన నాకు అన్నలాంటివారు. ఆయనున్న కాలం మా పరిశ్రమకి స్వర్ణయుగం. ఎందుకో ఏమో, దూరమైపోయారు" అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

నేను కూర్చున్న చోటు నుంచే అన్నాను. "ఎందుకో ఏమో కాదు బావా. దూరం పంపించింది ఎవరో కూడా చెప్పి కూర్చో."

పాస్టరు గారు తెలివైనవారు. వెంటనే, "పాట పాడుకుందాం" అన్నారు. అది ఇన్‌స్పెక్టరు గారి పాటే. రాగం మాత్రం సరైనది. నాకు వింతగా అనిపించింది.

బయట చెప్పులు వేసుకుంటుంటే బావ నా పక్కకొచ్చాడు.

"చావు దగ్గర కూడా పరువు తియ్యాలట్రా? ఆయన నన్ను ఎప్పుడో క్షమించాడు. ఆయనే నాతో చెప్పాడు."

"ఆయన క్షమించింది ఆయన బదిలీని బావా. కొలిమి ఆయనది కాదు."

బావ కారెక్కి తలుపేసుకున్నాడు.

వచ్చేటప్పుడు వాళ్ళింటికి వెళితే, ఇన్‌స్పెక్టరు గారి అమ్మాయి వరండాలోని కాటా తీసి, గొలుసులు చుట్టి, గోనెసంచిలో పెట్టి నా చేతికిచ్చింది. "మీకే ఇమ్మన్నారండీ నాన్నగారు" అంది. బస్సులో ఒళ్ళో పెట్టుకుని బందరు తెచ్చాను.

ఇప్పుడది మా వసారాలో వేలాడుతోంది. సముద్రం వైపు నుంచి గాలి వచ్చినప్పుడు ఖాళీ పళ్ళేలు కాసేపు ఊగి, నెమ్మదిగా సర్దుకుంటాయి. రాళ్ళు పెట్టి, మార్చి చూశాను. ముల్లు ఇంకా నిటారుగానే నిలబడుతోంది. కాడ మీద ఆయన ముద్ర వేలికి తగులుతోంది.

సాయంత్రాలు దాని ఎదురుగా కూర్చుని, మా కొలిమి ఆర్పిందెవరో మనసులో తూస్తాను. మంత్రిని ఒక పళ్ళెంలో వేస్తాను. ఆయన అడిగింది చేసిపెట్టాడు, అడిగింది మేము. కంటైనర్లు పంపినవాణ్ణి వేస్తాను. వాడికి మా ఊరు పేరు కూడా తెలియదు. చవగ్గా వస్తే కొన్న వర్తకుణ్ణి వేస్తాను. వాడి స్థానంలో నేనున్నా బహుశా కొనేవాణ్ణేమో. ఆఖరికి, ఆయన చెప్పారు కనుక, ఆయన కోసం, పిల్లల ఫీజులూ దుకాణం భయమూ నా నెత్తిన పెట్టుకుని, అటుది ఇటు వేస్తాను. నిజాయితీగానే వేస్తాను. ముల్లు కదులుతుంది, తడబడుతుంది, మళ్ళీ పాత వైపుకే ఒరిగి ఆగిపోతుంది. ఆ వైపు ఉన్నది మా బావ.